డిసెంబరు పుంజులు, 20 గేజ్ తుపాకీ: తూటా, చోక్ సరిచేసిన ఒక కేసు

అమెరికాలోని సౌత్ డకోటాలో ఫెజెంట్ (కోడి జాతి అడవి పక్షి, వేటాడేది దాని పుంజులనే) వేటకు సంబంధించిన కేసు ఇది. తుపాకీ 20 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం వెడల్పు) ఓవర్ అండర్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు. గొట్టాల పొడవు 28 అంగుళాలు, చాంబర్ 3 అంగుళాలు, మరతో బిగించే చోక్ ట్యూబులు (గొట్టం మూతిని ఇరుకు చేసి గుళ్ల వ్యాప్తిని అదుపు చేసేవి), బరువు 6 పౌన్ల 4 ఔన్సులు. అక్కడ సీజన్ అక్టోబరు మూడో శనివారం మొదలవుతుంది. అప్పటి నుంచి నవంబరు సగం దాకా ఆ వేటగాడికి ఏ ఇబ్బందీ లేదు. కింది గొట్టంలో ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్, పై గొట్టంలో దానికంటే బిగుతైన మాడిఫైడ్, రెండింటిలోనూ 7/8 ఔన్సు నంబర్ 7½ సీసం తూటాలు (నంబర్ పెరిగేకొద్దీ గుండు చిన్నది). కాల్చిన పుంజు పడేది.

డిసెంబరులో అలా జరగలేదు. దెబ్బ తగిలిన పుంజు గాల్లో ఒక్కసారి కుదుపుకు లోనై, కాళ్లు వేలాడేసుకుని, జమ్ము దుబ్బుల మీదుగా ఎగిరి అవతల ఎక్కడో దిగేది. కొన్నిటిని కుక్క పట్టి తెచ్చేది, కొన్ని దొరికేవి కావు. దానికి వేటగాడు తనకు తోచిన మందు వేశాడు: 3 అంగుళాల మాగ్నమ్ తూటా, 1¼ ఔన్సు నంబర్ 6, రెండు గొట్టాల్లోనూ బాగా బిగుతైన ఫుల్ చోక్. పరిస్థితి ఇంకా దిగజారింది. దగ్గర్లో లేచిన పక్షులు అయితే పూర్తిగా తప్పిపోయేవి, లేకపోతే రొమ్ము మాంసం తినడానికి పనికిరాకుండా ఛిద్రమయ్యేది. దూరంగా వెళ్లే పక్షికి రెండో దెబ్బ వేసే వ్యవధే ఉండేది కాదు. ఇక 12 గేజ్ కొనక తప్పదేమో అన్న ప్రశ్నతో కేసు మా దగ్గరికి వచ్చింది.

ఆ ప్రశ్న సరైనదే కానీ వరసలో ముందుకొచ్చేసింది. మొదట పక్షిని ఎంత దూరంలో కాలుస్తున్నామో తెలియాలి. ఆ దూరంలో ఆ పక్షి ప్రాణం తీసే గుండు ఏ సైజుదో తేల్చుకోవాలి. ఆ సైజు గుళ్లు వలయంలో, అంటే అవి పరుచుకునే వృత్తంలో, ఎన్ని పడాలో లెక్కగడితే తూటాలో ఎన్ని ఔన్సులు కావాలో వస్తుంది. ఆ ఔన్సులను ఏ గేజ్ సుఖంగా మోస్తుందో చూసి తుపాకీ, చివరికి కాగితం మీద కాల్చి చూసి చోక్. అంగట్లో చాలామంది ఈ వరసను తలకిందులు చేసి గేజ్‌తో మొదలుపెడతారు, గాయపడి దొరకని పక్షులకు అదే పెద్ద కారణం.

దూరం

కంటి అంచనాను నమ్మకూడదు. మంచు పరిచిన మైదానంలో కొలిచే ఆధారం లేక 30 గజాలు 45లా, 45 గజాలు 35లా కనిపిస్తాయి. అంగలతో కొలిచినా తప్పే. గడ్డిలో, మంచులో వేసే అంగ గజం ఉండదు, అందుకే "అరవై అంగల దూరంలో కొట్టాను" అన్న పక్షి నిజానికి నలభై ఐదు గజాల్లోనే ఉంటుంది. ఈ కేసులో కాల్చిన చోట నేలపై ఖాళీ తూటా పడేసి గుర్తు పెట్టించాం. పక్షి కుదుపు తిన్న చోటికి సూటిగా దిగువన ఉన్న గడ్డి దుబ్బును గురిపెట్టుకుని, అక్కడి నుంచి లేజర్ రేంజ్‌ఫైండర్‌తో వెనక్కి కొలిపించాం. ఈకలు పడిన చోటును నమ్మొద్దని ముందే చెప్పాం, గాలి ఉంటే ఈకలు పది గజాలు సులువుగా కొట్టుకుపోతాయి. పక్షి పడిన చోటు అసలే కాదు, దెబ్బ తిన్నాక కూడా అది వేగం కొద్దీ ముందుకు జారుతుంది.

కొలతల్లో తేలింది ఇది. అక్టోబరులో ఆ ఏటి పిల్ల పుంజులు కుక్క పాయింట్ (పక్షిని పసిగట్టి కదలకుండా నిలబడిపోవడం) దగ్గర నిలిచి, 20, 25 గజాల లోపే దెబ్బ తినేవి. డిసెంబరులో మిగిలినవి వేట చూసిన పుంజులు. కుక్క నిలబడే లోపు జమ్ములో పరుగెత్తి అవతలి అంచున లేస్తాయి. మొదటి దెబ్బ 27 నుంచి 33 గజాల మధ్య, రెండోది 35 నుంచి 40 మధ్య పడుతోంది. అంతకంటే ముఖ్యమైన మార్పు కోణంలో ఉంది. అక్టోబరులో చాలా పక్షులు పక్కకో పైకో తిరిగేవి, డిసెంబరులో దాదాపు అన్నీ వీపు చూపిస్తూ సూటిగా దూరం వెళుతున్నాయి.

కోసి చూస్తే

ఏ పరీక్షా చెప్పలేనిది ఈక పీకేటప్పుడు తెలుస్తుంది. ప్రతి పుంజునూ చర్మం ఒలిచి, గుండు ఎక్కడ దిగింది, ఎంత లోతు వెళ్లింది, ఎముక విరిగిందా అని రాయించాం. నంబర్ 7½తో పడినవాటిలో గుళ్లు వీపు కండలో, కందనకాయ గోడలో ఆగిపోయి ఉన్నాయి. ఈకల తుంపులు గుండు చుట్టూ చుట్టుకుని రంధ్రంలోకి వెళ్లాయి. తొడ ఎముకలు కొన్నిట్లో విరిగాయి, కాళ్లు వేలాడింది అందుకే. గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్లినవి చాలా తక్కువ.

కారణం లెక్కలోనే ఉంది. సీసం గుండు నంబర్ 7½ ఒక్కొక్కటి సుమారు 1.25 గ్రెయిన్ల బరువు, నంబర్ 6 సుమారు 1.95, నంబర్ 5 సుమారు 2.6. అంటే నంబర్ 5 గుండు 7½కు రెండింతలు. గుండ్రటి చిన్న వస్తువు గాల్లో వేగాన్ని త్వరగా పోగొట్టుకుంటుంది, ఎంత చిన్నదైతే అంత త్వరగా. చలికాలపు చిక్కటి గాలి దానికి కొంత తోడవుతుంది. 20 గజాల్లో పక్కకు తిరిగిన పక్షి రొమ్ములోకి వెళ్లడానికి 7½ చాలు. 35 గజాల్లో వీపు నుంచి లోపలికి, దట్టమైన చలికాలపు ఈకలు, వీపు ఎముక, నిండిన కందనకాయ దాటుకుని వెళ్లాలంటే అది చాలదు. మూడు పౌన్లకు దగ్గరగా తూగే పుంజుకు ఆ కోణంలో నంబర్ 6 కనీస హద్దు, నంబర్ 5 నమ్మదగ్గది.

మాగ్నమ్ తూటాతో పడ్డ పక్షులది వేరే చిత్రం. కొన్నిట్లో ఒకే చోట గుళ్లు గుత్తిగా దిగి మాంసం ముక్కలైంది. కొన్నిట్లో ఒక రెక్క అంచులో ఒకటి రెండు గుళ్లు మాత్రమే ఉన్నాయి. మధ్యస్థంగా కొట్టిన పక్షి అంటూ దాదాపు లేదు. ఇది గుండు సైజు తప్పు కాదు, వ్యాప్తి తప్పు.

వలయంలో ఎన్ని

ప్యాటర్న్‌కు, అంటే గుళ్ల వ్యాప్తికి, ప్రామాణిక కొలత 30 అంగుళాల వృత్తం, 40 గజాల దూరం. ఆ వృత్తంలో తూటాలోని గుళ్లు ఎంత శాతం పడితే అది ఆ చోక్ పేరు: సిలిండర్ 40, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, మాడిఫైడ్ 60, ఫుల్ 70. దగ్గరి దూరాల్లో ఆ శాతాలు ఎలా పెరుగుతాయో చాలాకాలంగా వాడుకలో ఉన్న పట్టిక ఉంది. ఇంప్రూవ్డ్ సిలిండర్ 25 గజాల్లో 82, 30లో 72, 35లో 60. మాడిఫైడ్ 30లో 83, 35లో 71. ఫుల్ 25లో మొత్తం 100. ఇవి ఆరంభపు అంకెలు మాత్రమే, మీ గొట్టం వీటిని పాటించాలని రాసిపెట్టి లేదు.

సీసం గుళ్లు ఔన్సుకు నంబర్ 4 అయితే 135, నంబర్ 5 అయితే 170, నంబర్ 6 అయితే 225, నంబర్ 7½ అయితే 350, నంబర్ 8 అయితే 410. ఫెజెంట్‌కు వృత్తంలో 90 నుంచి 100 గుళ్లు ఉంటే, గురి సరిగా ఉన్న దెబ్బకు ప్రాణస్థానాల్లో నాలుగైదు దిగే అవకాశం బాగుంటుంది. ఇప్పుడు ఈ కేసులోని మూడు తూటాలనూ ఆ జల్లెడలో పోద్దాం.

7/8 ఔన్సు నంబర్ 7½ అంటే 306 గుళ్లు. ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 35 గజాల దగ్గర కూడా వృత్తంలో 180కి పైగా. సంఖ్యకు ఏ లోటూ లేదు. బిగుతు చోక్ వేసుకోవడం వల్ల బాగుపడేది ఇక్కడ ఏమీ లేదు, ఎందుకంటే లోటు లోతుదే. వేటగాడు మొదట పొరబడింది ఇక్కడే: గుండు ఒక్కటే మారాల్సిన చోట చోక్ కూడా మార్చాడు.

1¼ ఔన్సు నంబర్ 6 అంటే 281 గుళ్లు. గుండు సైజు ఒక మెట్టు మెరుగైంది, సంఖ్యా బోలెడు. కానీ ఫుల్ చోక్‌లో 25 గజాల దగ్గర ఆ గుళ్లన్నీ సుమారు 21 అంగుళాల వెడల్పులోనే ఉంటాయి, అదే దూరంలో ఇంప్రూవ్డ్ సిలిండర్ 32 అంగుళాలు పరుస్తుంది. వైశాల్యంలో ఇది రెండింతలకు పైగా తేడా. మొదటి దెబ్బ పడే దూరానికి ఈ చోక్ అక్కరకు రాదు, గురిలో చిన్న పొరపాటును కూడా క్షమించదు.

1 ఔన్సు నంబర్ 5 అంటే 170 గుళ్లు. ఇంప్రూవ్డ్ సిలిండర్ 25 గజాల్లో 139, 30లో 122, 35లో 102. మాడిఫైడ్ 35లో 121, 40లో 102. 90, 100 గుళ్ల హద్దుకు కాస్త పైనే నిలిచింది, రెండు గొట్టాల్లోనూ, అవసరమైన అన్ని దూరాల్లోనూ.

మరి ఇంకా పెద్ద గుండు నంబర్ 4 ఎందుకు కాదు? ఒక ఔన్సులో 135 మాత్రమే. మాడిఫైడ్‌లో 40 గజాలకు 81. గుండు బలంగా దిగుతుంది, కానీ రెండు గుళ్ల మధ్య ఖాళీలోంచి పక్షి బయటపడుతుంది. నంబర్ 4 కావాలంటే 1¼ ఔన్సు కావాలి, ఆ 169 గుళ్లను సుఖంగా మోసేది 12 గేజ్. ఔన్సుల అవసరమే గేజ్‌ను నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే తేట లెక్క లేదు.

బరువు, తన్ను

పాత తుపాకీ తయారీదారుల కొలమానం ఒకటుంది: తుపాకీ బరువు తూటాలోని గుళ్ల బరువుకు 96 రెట్లు ఉండాలి. ఈ తుపాకీ 100 ఔన్సులు. 96తో భాగిస్తే ఒక ఔన్సు పైచిలుకు. 1¼ ఔన్సుకు ఏడున్నర పౌన్ల తుపాకీ కావాలి, ఇక్కడ ఉన్నది ఆరుంపావు. లెక్కగడితే ఆ మాగ్నమ్ తూటా ఈ తుపాకీలో సుమారు 30 అడుగు-పౌన్ల వెనకతన్ను ఇస్తుంది, ఒక ఔన్సు తూటా సుమారు 20. ఒకటిన్నర రెట్ల తేడా భుజానికి మాత్రమే పరిమితం కాదు. మూతి పైకి లేస్తుంది, చెంప స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద నుంచి ఊడుతుంది, కన్ను మళ్లీ రిబ్ (గొట్టం పైనున్న గురి పట్టీ) మీదికి వచ్చేసరికి పక్షి ఇంకో పది గజాలు పోతుంది. రెండో దెబ్బ ఆలస్యం కావడానికి కారణం చేతకానితనం కాదు, ఆ తూటా.

తూటా లోపలా ఇబ్బంది ఉంది. సన్నటి 20 గేజ్ గొట్టంలో 1¼ ఔన్సు గుళ్లు పొడవాటి స్తంభంలా నిలుస్తాయి. మందు పేలగానే పైనున్న బరువంతా అడుగు గుళ్ల మీద పడి అవి చదునవుతాయి. చదునైన గుండు సూటిగా వెళ్లదు, వలయం అంచుకో బయటికో పోతుంది. అందుకే మాగ్నమ్ తూటా పెట్టెమీద ఎన్ని గుళ్లు రాసినా, వాటిలో పనికొచ్చేవి అదే నిష్పత్తిలో పెరగవు. దీనికి విరుగుడు గట్టి సీసం, అంటే ఆంటిమొనీ ఎక్కువ కలిపిన గుళ్లు. పెట్టెమీద "రాగి పూత" అని ఉంటే సంతోషపడి ఊరుకోకూడదు. పూత పలచన, లోపలి సీసం మెత్తనైతే పూత దాన్ని కాపాడలేదు. ఒక గుండును ప్లయర్స్‌తో నొక్కి చూస్తే మెత్తదనం చేతికే తెలుస్తుంది. వేగం విషయంలోనూ ఆశ తగ్గించుకోవాలి. సెకనుకు 1,200 అడుగుల తూటాను 1,300 చేస్తే, 40 గజాల దగ్గర ఆ వంద అడుగుల లాభంలో మూడో వంతో అంతకంటే కొంచెమో మిగులుతుంది. దానికి బదులు తన్ను, చదును రెండూ పెరుగుతాయి.

కాగితం పరీక్ష

లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా, తుపాకీ దాన్ని ఒప్పుకోవాలి. పద్ధతి ఇది.

నాలుగడుగుల చదరపు కాగితం, మధ్యలో గురికి నల్లటి చుక్క. వెనక మట్టి కట్ట తప్పనిసరి. దూరం టేపుతో కొలవాలి, తుపాకీ మూతి నుంచి కాగితం దాకా. ఒక కాగితానికి ఒకే దెబ్బ. ఒక్కో చోక్, తూటా జతకు కనీసం ఐదు కాగితాలు, పది అయితే మేలు. ఒకటి రెండు చూసి తీర్పు చెప్పేవాళ్లు తమని తాము మోసగించుకుంటారు, ఒకే పెట్టెలోని రెండు తూటాల మధ్య పది శాతం తేడా వింత కాదు. కాల్చాక గుళ్లు దట్టంగా ఉన్న భాగం చుట్టూ 30 అంగుళాల వృత్తం గీయాలి. గురి చుక్క చుట్టూ గీయకూడదు, ఆ రెండూ ఒకటి కాకపోతే అది వేరే సమస్య. రంధ్రాలను స్కెచ్ పెన్నుతో గుర్తుపెడుతూ లెక్కపెట్టాలి. లోపల 20 అంగుళాల వృత్తం కూడా గీసుకుంటే, 44 శాతం వైశాల్యం ఉన్న ఆ నడిమి భాగంలో ఎంత పోగుబడిందో తెలుస్తుంది.

శాతం లెక్కించే ముందు మూడు తూటాలు కోసి గుళ్లు ఎంచాలి. పెట్టెమీది ఔన్సు, లోపలి ఔన్సు ఎప్పుడూ ఒకటే ఉండవు. 170 అనుకుని భాగించిన చోట లోపల 160 ఉంటే చోక్‌ను అన్యాయంగా నిందిస్తాం.

ఇంకొకటి, మా అభిప్రాయంలో లెక్కపెట్టడం కంటే విలువైనది. పుంజు వీపు వైపు ఆకారాన్ని, తోక ఈకలు తీసేసి, అట్టముక్కలో అసలు కొలతతో కత్తిరించుకోండి. కాగితం మీద దాన్ని నలుమూలలా జరుపుతూ, లోపల రెండు గుళ్ల కంటే తక్కువ పడే చోట్లు ఎన్నో చూడండి. రెండు కాగితాలూ 105 గుళ్లే చూపించవచ్చు, ఒకదానిలో పుంజు దూరే చిల్లులు నాలుగుంటాయి, రెండోదానిలో ఒక్కటీ ఉండదు.

ఈ తుపాకీ చెప్పినవి. మాగ్నమ్ తూటా ఫుల్ చోక్‌లో 40 గజాల దగ్గర 70 శాతాన్ని అందుకోలేదు, అరవైల్లోనే ఆగింది. నడిమి వృత్తంలో గుళ్లు కిక్కిరిసి, అంచులు చిల్లులు పడ్డాయి. గట్టి సీసం నంబర్ 5 ఒక ఔన్సు తూటా మాడిఫైడ్ ట్యూబుతో పట్టిక చెప్పిన దానికి కొంచెం పైనే పడింది, అంచుల దాకా సమంగా పరుచుకుంది. ఇంప్రూవ్డ్ సిలిండర్ ట్యూబు మాత్రం పేరుకు మించిన బిగుతు చూపించింది. గొట్టం లోపలి వ్యాసాన్ని బోర్ గేజ్‌తో కొలిస్తే సంగతి తెలిసింది. 20 గేజ్‌కు ప్రామాణిక బోర్ 0.615 అంగుళాలు, దీనిది కాస్త ఎక్కువ. చోక్ అంటే ట్యూబు మూతి వ్యాసం కాదు, బోర్‌కూ ఆ మూతికీ మధ్య తేడా. మూతి 0.607 ఉన్న ట్యూబు 0.615 బోర్‌లో వెయ్యికి 8 వంతుల అంగుళం బిగుతు ఇస్తే, 0.620 బోర్‌లో 13 ఇస్తుంది. 20 గేజ్‌లో మాడిఫైడ్ అంటే సుమారు 15 కాబట్టి, అది ఇంప్రూవ్డ్ సిలిండర్ అని చెక్కిన మాడిఫైడ్ దాకా వెళ్లిపోయింది. ట్యూబు మీద చెక్కిన అక్షరాన్ని కాదు, కాగితాన్ని నమ్మాలి అనేది ఇందుకే. కింది గొట్టానికి ఒక మెట్టు వదులుగా ఉండే స్కీట్ ట్యూబు వేస్తే అసలు ఇంప్రూవ్డ్ సిలిండర్ వలయం వచ్చింది.

చలికోటు

కాగితాల మీది వృత్తాల కేంద్రాలు గురి చుక్కకు ఎడమకు, కిందికి పడ్డాయి. సంచిపై ఆన్చి కాల్చినప్పుడు రెండు గొట్టాలూ చుక్క మీదే పడుతున్నాయి, నిలబడి భుజానికి ఎత్తి కాల్చినప్పుడే ఈ తేడా. కాబట్టి గొట్టాల తప్పు కాదు. పరీక్షకు వేటగాడిని డిసెంబరు కోటుతోనే రమ్మన్నాం, చాలామంది చొక్కాతో పరీక్షించి కోటుతో వేటకు వెళతారు. దళసరి కోటు స్టాక్‌ను అరంగుళం దాకా పొడవు చేసినట్టే. స్టాక్ వెనక అంచు చంకలో తట్టుకుంటుంది, స్టాక్ భుజం గుంటలో కాకుండా చేతి మీద ఆనుతుంది, తల పక్కకు వస్తుంది, దెబ్బ పక్కకు పోతుంది. సాధారణంగా 16 గజాల దగ్గర దెబ్బ ఒక అంగుళం తప్పితే స్టాక్‌లో పదహారో వంతు అంగుళం సవరణ అని లెక్క. కానీ ఇక్కడ చెక్క తాకలేదు. వెనక రబ్బరు ప్యాడ్ తీసి పావు అంగుళం సన్నటిది వేస్తే, కోటుతో ఎత్తినా చెంప సరైన చోట కూర్చుంది, కేంద్రాలు చుక్క మీదికి వచ్చాయి. ఇది ముందు చూడకుండా చోక్ మార్చి ఉంటే, తప్పు చోట మరింత చక్కటి వలయం వేస్తూ ఉండేవాడు.

మార్చినది

తూటా ఒక్కటే రకం: 2¾ అంగుళాలు, ఒక ఔన్సు, గట్టి సీసం నంబర్ 5, సెకనుకు 1,200 అడుగుల ప్రాంతం. కింద స్కీట్, పైన మాడిఫైడ్, మొదట కింది గొట్టం పేలేలా సెలెక్టర్. రెండు గొట్టాలకు రెండు రకాల తూటాలు, కింద నంబర్ 6, పైన నంబర్ 5, కాగితం మీద ఇంకాస్త అందంగా ఉంటాయి. వద్దన్నాం. చేతి తొడుగులతో, గడ్డకట్టే చలిలో, పక్షి లేచిన కంగారులో జేబులోంచి తీసేది ఏదో ఒకటి అవుతుంది. ఒకే తూటా ఉంటే తప్పు తూటా పెట్టుకునే వీలే లేదు.

హద్దు 40 గజాలు, అది కూడా పై గొట్టంతోనే. పరుగెత్తే పుంజుకు తొందరపడొద్దు, పక్షి కింద ఆకాశం కనిపించేదాకా కుక్క ఎక్కడుందో తెలియదు. చోక్ ట్యూబులు ప్రతి రెండు మూడు గంటలకోసారి తుపాకీ ఖాళీ చేసి చేత్తో బిగించి చూసుకోవాలి. వదులైన ట్యూబు అంచు కిందికి గుళ్లు దూరితే మూతి చెడిపోతుంది. మూతిలో మంచు చేరిందేమో కూడా అదే తడవలో చూడాలి, దుబ్బులో కాలు జారినప్పుడల్లా తప్పనిసరి.

మార్పు తర్వాత ఒలిచిన పక్షుల్లో గుళ్లు కందనకాయ దాటి రొమ్ము గూడులో కనిపించాయి, కొన్ని అవతలి చర్మం కింద ఆగాయి. కాళ్లు వేలాడేసుకుని పోయేవి దాదాపు కనబడలేదు. మాంసమూ దక్కింది.

సీసం వాడకూడని నేల

సౌత్ డకోటాలో మంచి జమ్ము ఉన్న ప్రభుత్వ భూముల్లో కొన్ని వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాలు, అంటే నీటి పక్షుల సంతతి పెరగడానికి కేటాయించిన నేలలు. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఆధీనంలోని ఈ నేలల్లో ఫెజెంట్ వేటకైనా సీసం పనికిరాదు. నీటి పక్షుల వేటకు సీసం 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకూ సీసం లేదు. కాబట్టి రెండో తూటా కూడా తేల్చుకోవాల్సిందే.

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.9 గ్రాముల దగ్గర, సీసం గుండుది 11 దగ్గర. అదే బరువు గుండుకు రెండు నంబర్లు పెద్దది తీసుకోవాలి: సీసం నంబర్ 5 స్థానంలో ఉక్కు నంబర్ 3. ఔన్సుకు ఉక్కు నంబర్ 3 అయితే 158, నంబర్ 2 అయితే 125, నంబర్ 4 అయితే 192. 20 గేజ్ 3 అంగుళాల తూటాలో ఒక ఔన్సు నంబర్ 3 దొరికితే అదే మేలు. ఉక్కు చదును కాదు కాబట్టి వలయం బిగుతుగా ఉంటుంది, చోక్ ఒక మెట్టు వదులు చేయాలి. ఫుల్‌లో ఉక్కు కాల్చకూడదు. ట్యూబు ఉక్కుకు తగినదో కాదో తయారీదారు రాసినది చూడాలి. పలచటి గోడల పాత తుపాకుల్లో ఉక్కు మాటే వద్దు, వాటికి బిస్మత్ అనే లోహపు గుళ్లు. దాని సాంద్రత 9.6, నంబర్ 5 లేదా 4 తీసుకుంటే సీసానికి చాలా దగ్గరగా ప్రవర్తిస్తుంది, ఖరీదే ఎక్కువ. ఈ వేటగాడికి ప్రభుత్వ భూమిలో బిస్మత్ నంబర్ 5, చోకులు సీసానికి పెట్టినవే. అది దొరకనప్పుడు ఉక్కు, 35 గజాల లోపు. రెండిటికీ విడివిడిగా మళ్లీ ఐదేసి కాగితాలు కాల్పించాం, సీసం వలయాన్ని చూసి బిస్మత్ వలయాన్ని ఊహించుకోవడం కుదరదు.

ఇదే తుపాకీని వేరే పక్షులకు తీసుకెళితే చెప్పేది కొద్దిగానే. దక్షిణాది పైన్ తోటల్లో ఆరేడు ఔన్సుల బాబ్‌వైట్ క్వెయిల్‌కు, మిన్నెసోటా, మిషిగన్ ఆస్పెన్ పొదల్లో 20 గజాల లోపు కనిపించి మాయమయ్యే రఫ్డ్ గ్రౌస్‌కు, 7/8 ఔన్సు నంబర్ 8 లేదా 7½, సిలిండర్ లేదా స్కీట్. డిసెంబరు పుంజుల దగ్గర ఓడిన 7½ తూటా అక్కడ చక్కగా సరిపోతుంది. నెవాడా, ఐడహో కొండ వాలుల్లో చుకార్‌కు నంబర్ 6, మాడిఫైడ్.

12 గేజ్ మాట

అడిగిన ప్రశ్నకు జవాబు. సీసం, బిస్మత్ వాడే రోజుల్లో 40 గజాల లోపు ఈ వేటగాడికి 12 గేజ్ అక్కర్లేదు. జనవరి గాలిలో, ఉక్కు తప్ప మరేమీ చేతిలో లేని ప్రభుత్వ భూమిలో ఎక్కువగా తిరగాలనుకుంటే మాత్రం అవసరమే. 1⅛ ఔన్సు ఉక్కు నంబర్ 3 అంటే దాదాపు 178 గుళ్లు, ఆ వెడల్పు గొట్టంలో స్తంభం పొట్టిగా ఉంటుంది, ఏడు ఏడున్నర పౌన్ల తుపాకీ ఆ తన్నును మింగుతుంది. 20 గేజ్‌ను మాగ్నమ్ తూటాలతో 12 చేయాలని చూడటం కంటే 12 కొనడమే నిజాయతీ.

కొన్న రోజు నుంచి ఒక జాగ్రత్త. 20 గేజ్ తూటా పసుపు రంగులో తయారు చేసేది ఊరికే కాదు. అది 12 గేజ్ చాంబర్‌లో పడితే జారి గొట్టంలో ముందుకు వెళ్లి ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీ అనుకుని వెనకాల 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం ముందు చెయ్యి దగ్గరే పగులుతుంది. రెండు తుపాకులకు రెండు వేట చొక్కాలు, రెండు తూటా పెట్టెలు ఉండాలి. ఇంటి నుంచి బయలుదేరే ముందు జేబులన్నీ బల్ల మీద బోర్లించి, ఒక్క పసుపు తూటా కూడా 12 చొక్కాలో లేదని చూసుకున్నాకే బండి ఎక్కాలి.